ఎంఏ హిస్టరీ ప్రాజెక్టుకు సొంత ఊరిని ఎంచుకుంటే: టాపిక్ నుంచి వైవా దాకా

ఎంఏ హిస్టరీ చివరి ఏడాదిలో ప్రాజెక్టు మాట రాగానే నల్లగొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, గద్వాల వైపు నుంచి వచ్చిన విద్యార్థుల్లో చాలామంది "మా ఊరి మీదే చేస్తా సార్" అంటారు. మంచి ఆలోచనే. ఊరు తెలుసు, మనుషులు తెలుసు, ఉండటానికి ఇల్లుంది. అయితే నెలల తరబడి తిరిగినా చివరికి చేతిలో ఒక స్థలపురాణం, కొన్ని ఫోటోలు, ఇంటర్నెట్‌లో దొరికిన నాలుగు పేరాలు మాత్రమే మిగిలి, సబ్మిషన్ దగ్గరపడ్డాక టెన్షన్ పడేవాళ్లే ఎక్కువ.

పని తక్కువ చేయడం వల్ల ఇలా జరగదు. వరుస తప్పడం వల్ల జరుగుతుంది. ఏది ముందు, ఏది తర్వాత అన్నది ఇక్కడ చెబుతాను. మీరు రాసే ప్రతి వాక్యం దగ్గర "ఇది నీకెలా తెలుసు?" అని ఎవరైనా అడిగితే, చూపించడానికి ఒక రాయో, కాగితమో, మనిషో ఉండాలి. కింది పనులన్నీ అందుకోసమే.

## 1. టాపిక్‌ను కుదించండి

"తెలంగాణ సాయుధ పోరాటంలో నల్లగొండ జిల్లా పాత్ర" అన్నది ఎంఏ ప్రాజెక్టు కాదు, ఒక జీవితకాలం పని. "మా ఊరి చరిత్ర" కూడా అంతే. రాతియుగం నుంచి రైతుబంధు దాకా అన్నీ అందులో పడతాయి, ఏదీ నిలబడదు.

టాపిక్‌లో మూడు ఉండాలి: ఒక చోటు, ఒక కాలం, ఒక ప్రశ్న. ఉదాహరణకు:

- 1946–51 మధ్య మా ఊళ్లో వెట్టి ఎవరెవరు చేసేవారు, ఎలా ఆగింది?
- పానగల్లు ఉదయసముద్రం కింద ఒక ఊరి ఆయకట్టు: నీళ్ల పంపకం ఎవరి చేతిలో ఉండేది?
- శ్రీశైలం ముంపులో కదిలిన కొల్లాపూర్ వైపు ఊరు: కొత్త ఊళ్లో ఏ కులానికి ఏ వాడ దక్కింది?
- వనపర్తి సంస్థానం కిందున్న ఊరు, సంస్థానం పోయాక పట్టాలు ఎవరి పేర్లమీదికి వచ్చాయి?

ప్రశ్న గుర్తు పెట్టి రాయలేకపోతే టాపిక్ ఇంకా తయారవలేదన్నమాట. గైడ్‌ను కలిసే ముందు మూడు టాపిక్‌లు రాసుకుని, ఒక్కోదాని కింద "ఆధారాలు ఎక్కడ దొరకొచ్చు" అని రెండు లైన్లు పెట్టండి. ఆ రెండు లైన్లు నిండనిదాన్ని అక్కడే కొట్టేయండి.

## 2. అప్పట్లో మీ ఊరు ఎవరి కింద ఉండేది?

ఈ మెట్టు దాటేసినవాళ్లు ఆర్కైవ్స్‌కు వెళ్లి ఖాళీ చేతులతో వస్తారు. ఇప్పటి జిల్లా పేరుతో పాత కాగితం దొరకదు.

2016 అక్టోబర్ 11న జిల్లాలు మారాయి. పాత నల్లగొండలోంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి వచ్చాయి. పాత మహబూబ్‌నగర్‌లోంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల వచ్చాయి, 2019లో నారాయణపేట విడిపోయింది. అంతకుముందు కూడా మార్పులున్నాయి. 1946 జూలై 4న దొడ్డి కొమరయ్య చనిపోయిన కడవెండి ఇప్పుడు జనగామ జిల్లాలో ఉంది. ఆనాడు జనగామ తాలూకా నల్లగొండ జిల్లాలో భాగం. ఆ కాలపు కాగితాల కోసం వరంగల్ కింద వెతికితే ఏం దొరుకుతుంది?

జిల్లా తెలిశాక ఊరి హోదా తెలుసుకోండి. నిజాం కాలంలో ఊరు దివానీదా (నేరుగా సర్కారు కింద), సర్ఫెఖాస్‌దా (నిజాం సొంత ఆస్తి), జాగీరా (శిస్తు హక్కు ఒకరికి ఇచ్చినది), మక్తానా (ఖాయం శిస్తుకు ఇచ్చినది), సంస్థానం (నిజాం కింది సామంతరాజు) కిందిదా? గద్వాల, వనపర్తి, జటప్రోలు, ఆత్మకూరు, గోపాల్‌పేట లాంటి సంస్థానాల పల్లెల్లో శిస్తు లెక్కలు సంస్థానం కచేరీలో నడిచేవి. దివానీ ఊళ్లకు దొరికినట్టు వాటికి సర్కారు దస్త్రాలు దొరకవు. సంస్థానం పేరుతోనే వెతకాలి.

ఒక పేజీలో ఇవి నింపుకోండి:

- ఊరి పేరు, పాత పేర్లు, ఆవాసాలు, తండాలు
- 1948కి ముందు తాలూకా, జిల్లా
- ఊరి హోదా (దివానీ, జాగీరు, సంస్థానం…)
- ఇప్పటి మండలం, జిల్లా
- పక్కన నాలుగు దిక్కులా ఉన్న ఊళ్లు

ఆఖరిది అనవసరం అనిపించొచ్చు. మీ ఊరి శాసనం పక్కూరి పేరుతో అచ్చయి ఉండటం మామూలే.

## 3. ఊళ్లోకి వెళ్లే ముందు అచ్చయినవి

ముందు లైబ్రరీ, తర్వాతే ఊరు. ఏం అడగాలో తెలియకుండా వెళితే పెద్దమనుషులు చెప్పేదంతా కొత్తగానే అనిపిస్తుంది, అందులో ఏది ముఖ్యమో తేల్చుకోలేరు.

శాసనాలకు జిల్లాలవారీ సంపుటాలున్నాయి, నల్లగొండకూ మహబూబ్‌నగర్‌కూ కూడా. వెనక సూచికలో ఊరి పేరు, పక్క ఊళ్ల పేర్లు చూడండి. జనాభా లెక్కల జిల్లా చేతిపుస్తకాల్లో ఊరివారీ పట్టికలుంటాయి. సెన్సస్ శాఖ వెబ్‌సైట్‌లో చాలావరకు ఉచితంగా దొరుకుతాయి. మీ టాపిక్‌కు దగ్గరి పీహెచ్‌డీ గ్రంథాలను శోధ్‌గంగలో (పీహెచ్‌డీ గ్రంథాలు ఉంచే వెబ్‌సైట్) వెతకండి. వాటిని కాపీ కొట్టడానికి కాదు, చివర్లో ఉండే ఆధారాల పట్టిక కోసం. అది చదివితే ఎక్కడెక్కడికి వెళ్లాలో సగం తెలిసిపోతుంది.

పాత తెలుగు పత్రికలు చూడాల్సివస్తే హైదరాబాద్‌లోని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయానికి వెళ్లండి. 1901 నుంచి నడుస్తున్న గ్రంథాలయం అది. సురవరం ప్రతాపరెడ్డి 1926లో మొదలుపెట్టిన గోలకొండ పత్రికలో మన పల్లెల వార్తలు వచ్చేవి. పత్రిక చూసేటప్పుడు మీ ఊరి పేరు ఒక్కటే వెతక్కండి. తాలూకా పేరు, దేశ్‌ముఖ్ ఇంటిపేరు, దగ్గర్లోని సంత పేరు కూడా వెతకండి.

## 4. లెటర్లు, దరఖాస్తులు

త్వరగా ముగించాల్సిన పని, కానీ ముందే చేయాల్సిన పని. హెచ్‌ఓడీ సంతకం, డిపార్ట్‌మెంట్ ముద్ర ఉన్న పరిచయ పత్రాలు నాలుగైదు విడివిడిగా తీసుకోండి. ఒకటి తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కు, ఒకటి తహసీల్దార్‌కు, ఒకటి పంచాయతీకి, ఒకటి లైబ్రరీకి. "సంబంధిత అధికారికి" అని ఒకే లెటర్ జిరాక్స్ తీసి తిప్పితే రెండో ఆఫీసులోనే ఆపేస్తారు.

దరఖాస్తులో ఊరు, సంవత్సరాలు, కావలసిన రికార్డు పేరు స్పష్టంగా రాయండి. "పాత రికార్డులన్నీ" అని రాస్తే జవాబు రాదు. ఇచ్చిన ప్రతిదానికీ రసీదు అడిగి తీసుకోండి.

## 5. రాయి దగ్గర ఎలా పనిచేయాలి

మన దగ్గర శాసనం ఎక్కువగా గుడి ముందో, చెరువు కట్ట మీదో, పొలం గట్టునో ఉంటుంది. సున్నం వేసి, పసుపు రాసి, నాలుగు తరాలుగా పూజలు చేసి ఉంటారు. అక్షరాలు కనబడటం లేదని గీకడం, నూనె పోయడం, చాక్‌పీసుతో దిద్దడం చేయకండి. చాక్‌తో దిద్దినప్పుడు మీరు చదవాలనుకున్న అక్షరమే కనిపిస్తుంది, చెక్కిన అక్షరం కాదు. సగం మట్టిలో ఉంటే తవ్వకండి. పంచాయతీ ద్వారా పురావస్తు శాఖకు రాయించండి.

ఇంకో సంగతి ముందే చెప్పాలి. పాత గుళ్ల చుట్టూ గుప్తనిధుల కోసం తవ్వినవాళ్ల వల్ల మన ఊళ్లకు చాలా నష్టం జరిగింది. అందుకే కొత్త మనిషి టార్చిలైటు పట్టుకుని రాయి చుట్టూ తిరిగితే అనుమానపడతారు, పడాలి కూడా. ముందు సర్పంచ్‌కో, వార్డు మెంబర్‌కో, పూజారికో చెప్పి, ఊరి మనిషిని ఒకరిని తోడు తీసుకెళ్లండి.

ఫోటోకు మిట్టమధ్యాహ్నం పనికిరాదు. పొద్దున్నే, లేదా పొద్దు గూకే వేళ వెలుతురు పక్క నుంచి పడాలి. అప్పుడు గాడిలో నీడ నిలిచి అక్షరం లేస్తుంది. చీకటి పడ్డాక టార్చ్‌ను రాయికి పక్కగా, దాదాపు ఆనించి పట్టి, ఎడమ నుంచి ఒకటి, కుడి నుంచి ఒకటి, పై నుంచి ఒకటి ఫోటో తీయండి. ఒక దాంట్లో కనబడనిది ఇంకోదాంట్లో తేలుతుంది. పక్కన స్కేలు పెట్టడం, రాయికున్న నాలుగు ముఖాలూ తీయడం మరవొద్దు. వెనక ముఖాన కూడా రాత ఉండొచ్చు.

చదవడం రాకపోయినా శాసనం నడక తెలిస్తే సగం దారి దొరుకుతుంది. దాన శాసనం ఎక్కువగా ఇలా సాగుతుంది: "స్వస్తి శ్రీ" అని మంగళం, తర్వాత శకవర్షం, సంవత్సరం పేరు, మాసం, తిథి, వారం. తర్వాత రాజు బిరుదులు, దాత పేరు, ఇచ్చిన భూమి, దాని హద్దులు. చివర "స్వదత్తాం పరదత్తాం వా…" అనే శాపశ్లోకం: తానిచ్చినదైనా ఇతరులిచ్చినదైనా దానం ఇచ్చిన భూమిని అపహరించినవాడు అరవై వేల ఏళ్లు పురుగై పుడతాడని. కింది లైన్లలో ఈ శ్లోకం గుర్తుపడితే, దానికి పైనున్నవే భూమి, చెరువు, కాలువ వివరాలని తెలుస్తుంది. గ్రామ చరిత్రకు రాజు బిరుదులకన్నా ఆ లైన్లే విలువైనవి.

శకవర్షానికి 78 కలిపితే క్రీస్తు శకం వస్తుంది. పిల్లలమర్రిలో గణపతిదేవుడి కాలపు శాసనం శక 1130, అంటే 1208. అక్కడే రుద్రదేవుడి కాలపుది శక 1117, అంటే 1195. పుష్య, మాఘ, ఫాల్గుణ మాసాల్లోని తిథైతే 79 కలపాల్సి రావొచ్చు. సంవత్సరం పేరు, వారం కూడా సరిపోతున్నాయో లేదో పాత పంచాంగ పట్టికలతో చూడండి.

ఒక్కోసారి అంకెలకు బదులు మాటలుంటాయి. "ఖ, రామ, రుద్ర" అని ఉందనుకోండి: ఖ అంటే సున్న, రాముళ్లు ముగ్గురు, రుద్రులు పదకొండుమంది. కుడి నుంచి ఎడమకు పేర్చితే 1130. మాటల్ని వచ్చిన వరుసలోనే పెట్టి తేదీ తప్పు రాసేవాళ్లున్నారు.

మీ చదువును శాసనాలు తెలిసిన అధ్యాపకుడికి చూపించకుండా ప్రాజెక్టులో పెట్టకండి. రాలేదనుకున్న అక్షరం దగ్గర చుక్కలు పెట్టండి. ఊహించి నింపితే మీ తర్వాత చదివేవాడు దాన్నే నిజమనుకుంటాడు.

## 6. రెవెన్యూ కాగితాలు

ఊరి చరిత్రకు ఇంతకన్నా గట్టి ఆధారం లేదు. అయినా విద్యార్థులు వీటి జోలికి తక్కువ వెళ్తారు, ఉర్దూ భయం వల్ల.

అడగాల్సినవి:

- సేత్వార్: సర్వే తర్వాత తయారైన మొదటి పట్టిక. సర్వే నంబరు, విస్తీర్ణం, పట్టాదారు.
- ఖాస్రా పహాణీ, 1954–55: పట్టా ఎవరిది, సాగు ఎవరిది అన్నది విడివిడిగా కనిపిస్తుంది.
- చేసాల పహాణీ: ఆ తర్వాతి మూడేళ్లది.
- రక్షిత కౌలుదార్ల రిజిస్టరు: కౌలు మీద ప్రశ్న అయితే ఇది తప్పనిసరి.

సేత్వార్‌నూ ఖాస్రా పహాణీనీ పక్కపక్కన పెట్టి, ఒకే సర్వే నంబరు ఎవరి పేరు నుంచి ఎవరి పేరుకు పోయిందో ఇరవై ముప్పై నంబర్లకు పట్టిక వేయండి. ఏ పుస్తకంలోనూ లేని చరిత్ర ఆ పట్టికలో బయటపడుతుంది. కుంట శిఖం (కుంటలో నీళ్లు నిలిచే నేల), శ్మశానం, గైరాన్ (పశువుల మేత బీడు) అని రాసి ఉన్న నంబర్లు ఇప్పుడు ఏమయ్యాయో కూడా చూడండి. తరి అంటే నీటి భూమి, ఖుష్కీ అంటే మెట్ట, 40 గుంటలు ఒక ఎకరం. లెక్కలు వేసేటప్పుడు గుంటల్ని దశాంశాలనుకుని కూడితే మొత్తం తప్పుతుంది: 2-30 అంటే రెండెకరాల ముప్పై గుంటలు, అంటే రెండు ముప్పావు ఎకరాలు.

తేదీల దగ్గర జాగ్రత్త. నిజాం పాలన చివరి దశాబ్దాల కాగితాల్లో ఫసలీ సంవత్సరం ఉంటుంది. అది అక్టోబర్ మొదటి వారంలో ఆజూర్ నెలతో మొదలవుతుంది. తేదీ అక్టోబర్–డిసెంబర్ మధ్యదైతే 590, జనవరి తర్వాతదైతే 591 కలపాలి. జాగీర్ల రద్దు చట్టం 1358 ఫసలీది. 1949 ఆగస్టు కాబట్టి 591 కలిస్తే సరిపోయింది. అదే 1358 హిజ్రీ అయితే? 1939–40. ఒకే అంకె, తేడా పదేళ్లు. నెల పేరు చూడండి: ఆజూర్, దై, బహ్మన్, ఖుర్దాద్ లాంటివైతే ఫసలీ. మొహర్రం, సఫర్, రంజాన్ అయితే హిజ్రీ.

ఉర్దూ చదవడం రాకపోతే ఊళ్లోనో పట్నంలోనో పాత ఉర్దూ మీడియం చదివిన పెద్దాయన్ని వెతకండి. నల్లగొండ, పాలమూరు పట్టణాల్లో అలాంటివారు ఇప్పటికీ ఉన్నారు. ఎదురుగా కూర్చుని చదివించుకుని రికార్డు చేసుకోండి, వారి పేరు ప్రాజెక్టులో కృతజ్ఞతతో రాయండి. వీలైతే లిపి మీరే నేర్చుకోండి. శిస్తు పట్టికలో వచ్చే మాటలు కొన్నే, మళ్లీ మళ్లీ అవే వస్తాయి.

భూరికార్డుల ధరణి పోర్టల్ వచ్చినప్పటి నుంచి భూమి కాగితాల మాటెత్తితే జనం ఉలిక్కిపడుతున్నారు. మీరు ఎవరి పట్టా కోసమూ రాలేదని మొదటి మాటగా చెప్పండి. ఇప్పటి తగాదాలో ఉన్న సర్వే నంబర్లను పేర్లతో ప్రాజెక్టులో పెట్టకండి.

## 7. పెద్దవాళ్లతో మాట్లాడటం

ఎప్పుడు వెళ్లాలన్నది ముందు చూసుకోండి. నాట్లప్పుడు, పత్తి ఏరేటప్పుడు ఎవరికీ తీరిక ఉండదు. పాలమూరు వైపు వలస వెళ్లే ఊళ్లయితే ఉగాదికో, పీర్ల పండుగకో మనుషులు ఇళ్లకు వస్తారు.

"చరిత్ర చెప్పు తాతా" అని అడిగితే ఏ తాతా చెప్పలేడు. చేతిపని నుంచి మొదలుపెట్టండి. "అవ్వా, నువ్వు ఈ ఊరికి కోడలుగ వచ్చినప్పుడు మంచినీళ్లు ఏ బాయి నుంచి తెచ్చేటోళ్లు? అందరూ అదే బాయికి పోయేటోళ్లా?" ఈ ఒక్క ప్రశ్నకు కులం, వాడ, నీళ్లు, దొర గడి, అన్నీ వస్తాయి. అక్కడి నుంచి వాళ్లు చెప్పే దారినే పోనివ్వండి.

ఏ సంవత్సరమని అడగకండి. తెలిసిన సంఘటనను పక్కన పెట్టి అడగండి:

- పోలీసు చర్య, సెప్టెంబర్ 1948
- మొదటి ఎన్నికలు, 1952
- సాగర్ డ్యాంకు శంకుస్థాపన, 10 డిసెంబర్ 1955
- జై తెలంగాణ ఉద్యమం, 1969
- శ్రీశైలం ముంపు, 1980ల మొదట్లో

"పెద్దయ్యా, మీ పెండ్లినాటికి సాగర్ కట్ట కట్టుడు మొదలైందా?" అంటే ఠక్కున చెబుతారు.

1948లో పదేళ్ల పిల్లవాడు ఇప్పుడు తొంభైకి దగ్గర. కాబట్టి రజాకార్ల కాలం గురించి మీరు వినేది చాలావరకు తల్లిదండ్రులు చెప్పిన మాట. నోట్సులో ప్రతి సంగతి పక్కన "చూసింది", "విన్నది", "ఊళ్లో అనుకునేది" అని మూడు గుర్తుల్లో ఒకటి వేయండి. విన్నదానికీ విలువ ఉంది, కానీ చూసినదిగా రాస్తే అబద్ధమవుతుంది.

పటేల్ ఇంటి అరుగు మీద కూర్చుని ఊరంతా విన్నామనుకోవడం పెద్ద పొరపాటు. మాల, మాదిగ వాడలు, చాకలి, మంగలి, కుమ్మరి, గొల్ల ఇళ్లు, లంబాడా తండాలు, ముస్లిం ఇళ్లు, అన్నిచోట్లా, అందులో సగమైనా ఆడవాళ్లతో మాట్లాడండి. వెట్టి గురించి చేయించుకున్న ఇల్లు చెప్పేదొకటి, చేసిన ఇల్లు చెప్పేదొకటి. రెండూ రాయాలి. ఆశ్రిత కులాలవాళ్లు (ఒక కులాన్ని ఆశ్రయించి దాని కథ చెప్పేవాళ్లు) బొమ్మల పటం మీద చెప్పే కులపురాణాల్ని కూడా రికార్డు చేయండి. వాటిలో తేదీలు దొరకవు, కానీ ఒక కులం తన స్థానం గురించి ఏమనుకుంటుందో దొరుకుతుంది.

రికార్డింగ్ మొదట్లోనే మీ పేరు, తేదీ, ఊరు చెప్పి, "ఇది రాసుకోవచ్చా, మీ పేరు పెట్టొచ్చా?" అని అడిగి, వాళ్ల జవాబు రికార్డు అయ్యేలా చూడండి. వద్దంటే పేరు మార్చండి. అదేరోజు రాత్రి విని రాసుకోండి. యాసను పుస్తక భాషలోకి దిద్దకండి.

## 8. రాయడం

మొదటి అధ్యాయం మొదట రాయకండి. ఆధారాలు గట్టిగా ఉన్న మధ్య అధ్యాయంతో మొదలుపెట్టండి. పరిచయం ఆఖరున, అప్పటికి మీరేం రాశారో తెలుస్తుంది కనుక.

"భౌగోళిక పరిస్థితులు" పేరుతో పదిహేను పేజీలు నింపే అలవాటు మానండి. చెరువు మీద ప్రాజెక్టయితే వాగు ఎటు పారుతుందో చెప్పాలి. మొత్తం జిల్లా వర్షపాతం ఎందుకు?

ఫుట్‌నోట్లు రాస్తూ రాస్తూనే పెట్టండి, చివర్లో పెడదామంటే సగం దొరకవు. కాగితానికైతే రికార్డు పేరు, ఊరు, సంవత్సరం, సర్వే నంబరు, ఏ ఆఫీసులో ఏ తేదీన చూశారో. మనిషికైతే పేరు లేదా మార్చిన పేరు, సుమారు వయసు, పని, ఊరు, మాట్లాడిన తేదీ. రాయికైతే అది నిలబడి ఉన్న చోటు, ఏ ముఖం, ఎన్నో లైను.

నకలు విషయం: యూజీసీ 2018 నిబంధనల్లో 10 శాతం దాకా పోలికకు శిక్ష లేదు. దాన్ని 10 శాతం కాపీ కొట్టే హక్కుగా తీసుకోవద్దు.

## 9. తరచూ జరిగేవి, సరిదిద్దే దారి

ఊరి పేరుకు కథ అల్లడం. రాముడు నడిచాడనో, రాజు విడిది చేశాడనో ప్రతి ఊరికీ ఒకటుంటుంది. దాన్ని "ఊళ్లో చెప్పుకునే కథ" అని రాసి, శాసనాల్లో, సేత్వార్‌లో పేరు ఎలా ఉందో పక్కన పెట్టండి.

ప్రతి పాత గుడీ కాకతీయులదే అనడం. పానగల్లు నుంచి ఏలిన కందూరు చోడులు, వర్ధమానపురం గోన వంశం, అలంపురంలో బాదామి చాళుక్యులు, రాచకొండ, దేవరకొండ పద్మనాయకులు కూడా ఇక్కడివాళ్లే. శాసనం లేకపోతే "శైలిని బట్టి ఫలానా కాలం కావొచ్చు" అని ఆగండి.

ఆధారాలు ఒకదానితో ఒకటి పొసగకపోవడం. అవ్వ చెప్పిందొకటి, పహాణీలో మరొకటి ఉంటే ఏదో ఒకటి దాచేయకండి. రెండూ పెట్టి, ఎందుకు తేడా వచ్చిందో మీరనుకునేది రాయండి. ప్రాజెక్టులో మంచి మార్కులు తెచ్చే పేజీ సాధారణంగా అదే.

ఏమీ దొరకకపోవడం. ఊరిని మార్చకండి, ప్రశ్నను మార్చండి. వెట్టి మీద కాగితం లేకపోతే, అదే ఊళ్లో బావుల మీదో, బడి మీదో, బొంబాయి వలసల మీదో ఆధారాలు ఉంటాయి.

## 10. వైవాకు ముందు

ముద్రించిన ప్రతిని తీసుకుని ప్రతి పేజీలో ఒక వాక్యం కింద గీత గీసి, దాని ఆధారం చూడకుండా చెప్పండి. చెప్పలేనివి మార్క్ చేసుకుని మళ్లీ చూసుకోండి. బయటి ఎగ్జామినర్ ఎక్కువగా అడిగేవి ఇవి: ఈ ఊరే ఎందుకు? ఎవరితో మాట్లాడలేకపోయారు? ఈ తేదీ ఎలా లెక్కకట్టారు? మీ సొంత ఊరు కావడం వల్ల ఏం దాచారు? చివరి ప్రశ్నకు నిజమైన జవాబు ముందే ఆలోచించుకుని వెళ్లండి.

వెంట తీసుకెళ్లాల్సినవి:

- శాసనం ఫోటోలు, పెద్ద సైజు ప్రింట్లు
- సేత్వార్, ఖాస్రా పహాణీ పోలిక పట్టిక
- ఊరి స్కెచ్ మ్యాప్: వాడలు, బావులు, గడి, చెరువు
- మాట్లాడినవాళ్ల జాబితా, రికార్డింగులు ఒక పెన్‌డ్రైవ్‌లో

వైవా అయ్యాక బైండింగ్ కాపీ ఒకటి పంచాయతీకో, ఊరి బడికో ఇవ్వండి. మీతో మాట్లాడినవాళ్లలో చదవడం రానివాళ్లుంటే, వాళ్ల మాటలు రాసిన పేజీలు వాళ్ల దగ్గర కూర్చుని చదివి వినిపించండి. తప్పులుంటే అప్పుడే చెబుతారు, వాటిని కాపీలో దిద్దండి.